ఏఐ రిపోర్టులో 72 అని వస్తే క్యాన్సరేనా?

ప్రోస్టేట్ ఎంఆర్ఐని కంప్యూటర్ చేత చదివించడం గురించి సీమ జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి వాటిని కలిపి, అయిదింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాయనకు 67 ఏండ్లు. మూత్రం ధార సన్నబడి రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేస్తుంటే, ఏడాది కిందట ట్యామ్సులోసిన్, డ్యుటాస్టెరైడ్ కలిసిన మాత్ర రాసినారు. రోజూ అదే వేసుకుంటున్నాడు. మొన్న రక్తపరీక్షలో పీఎస్ఏ 6.8 వచ్చింది. ఎంఆర్ఐ తీయిస్తే 'పైరాడ్స్ 3' (స్కాన్ చూసి డాక్టరు 1 నుంచి 5 దాకా వేసే అనుమానపు అంకె) అన్నారు. గ్రంథి కొలతలు 5.4, 4.6, 4.8 సెంటీమీటర్లు. దాంతోపాటు కంప్యూటర్ తీసిన ఇంకో కాగితం ఇచ్చినారు, అందులో 'సస్పిషన్ స్కోర్ 72' అని ఉంది. అంటే నూటికి 72 పాళ్లు క్యాన్సర్ ఉన్నట్టేనా? ముక్క తీయించాలనా (బయాప్సీ), వద్దా?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ 72ను కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో అంతకంటే ముఖ్యమైన మాట ఆ మాత్ర పేరు.

డ్యుటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ ఆరు నెలలు దాటి వాడితే రక్తంలో పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్) దాదాపు సగానికి పడిపోతుంది. జబ్బు తగ్గి పడిపోవడం కాదు, మందు వల్ల అంకె తగ్గుతుంది, అంతే. కాబట్టి మీ నాయనగారి 6.8ని రెట్టింపు చేసి 13.6గా చదవాలి. ఇప్పుడు గ్రంథి కొలతలు చూద్దాం. మూడింటినీ గుణించి 0.52తో హెచ్చిస్తే 62 మిల్లీలీటర్లు. పీఎస్ఏను ఈ పరిమాణంతో భాగిస్తే వచ్చేదాన్ని పీఎస్ఏ డెన్సిటీ అంటారు. 0.15 దాటితే అనుమానం పెరుగుతుంది. 6.8తో లెక్క వేస్తే 0.11 వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. 13.6తో వేస్తే 0.22. ఈ మందు గ్రంథిని కూడా నాలుగో వంతు దాకా కుదిస్తుంది గనుక, మాత్రకు ముందు 80 మిల్లీలీటర్లు ఉండేదనుకుని లెక్కేసినా 0.17. ఎటు నుంచి చూసినా గీత దాటింది.

ఎంఆర్ఐకి రాసిన చీటీలో ఈ మాత్ర పేరు ఉందో లేదో చూడండి. చాలాసార్లు ఉండదు. 'పీఎస్ఏ 6.8, ప్రోస్టేట్ పెద్దదైంది' అని రాసి పంపేస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు స్కాన్‌తో పాటు వయసు, పీఎస్ఏ, గ్రంథి పరిమాణం కూడా అడుగుతాయి. అక్కడ 6.8 అనే టైపు చేసి ఉంటే వచ్చిన స్కోరు కూడా తక్కువ పీఎస్ఏ మీద ఆధారపడిందే.

ఇక 72 సంగతి. అది శాతం కాదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలావరకు స్కాన్‌లోని ప్రతి చిన్న గడికీ 0 నుంచి 1 మధ్య ఒక అంకె వేస్తాయి. పెద్ద అంకెలు గుంపుగా కనిపించిన చోటు చుట్టూ గీత గీసి, ఆ గుంపులోని పెద్ద అంకెను స్కోరుగా చూపిస్తాయి. ఒక కంపెనీ దాన్ని 10కి, ఇంకొకటి 100కి సాగదీస్తుంది. ఒకదాని 72, ఇంకొకదాని 7.2 ఒకే అర్థం ఇస్తాయన్న హామీ లేదు.

స్కోరు గీత దాటినవాళ్లలో నిజంగా చికిత్స అవసరమైన క్యాన్సర్ ఎందరికి ఉంటుందనేది, స్కాన్‌కు ఎలాంటివాళ్లు వచ్చారన్న దాని మీద ఆధారపడుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ ఉన్న క్యాన్సర్లలో నూటికి 90 పట్టుకుని, లేనివాళ్లలో నూటికి 60 మందిని సరిగ్గా వదిలేస్తుందనుకుందాం. వచ్చిన 100 మందిలో 30 మందికి జబ్బు ఉంటే అది 27 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని 28 మందికి కూడా ఎర్ర గుర్తు పెడుతుంది. సగం సగం అన్నమాట. అదే సాఫ్ట్‌వేర్‌ను ఉచిత శిబిరంలో పెడితే, వచ్చిన 100 మందిలో 10 మందికే జబ్బు ఉందనుకోండి, 9 మందిని పట్టుకుని 36 మందిని ఊరికే భయపెడుతుంది. యంత్రం మారలేదు, మనుషులు మారారు.

ఏఐ పనికిరాదని కాదు దీనర్థం. 2024లో లాన్సెట్ ఆంకాలజీలో అచ్చయిన పీఐ-క్యాయ్ అధ్యయనంలో, 400 స్కాన్లను 62 మంది రేడియాలజిస్టులు, ఒక ఏఐ విడివిడిగా చదివారు. జబ్బు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ వేరుచేసే సామర్థ్యంలో ఏఐకి 0.91, డాక్టర్లకు సగటున 0.86 వచ్చింది (పూర్తి మార్కు 1). అయితే అదే అధ్యయనంలో 1000 కేసులకు, ఆసుపత్రిలో రోగి చరిత్ర, తోటి డాక్టర్ల సలహా దగ్గర పెట్టుకుని మామూలుగా ఇచ్చిన రిపోర్టులతో పోల్చినప్పుడు, ఏఐ వాటికి ఏమాత్రం తీసిపోదని రుజువు కాలేదు. రోగి చరిత్ర విలువ అంత. మీ నాయనగారి విషయంలో ఆ చరిత్ర అంటే ఆ మాత్రే.

చేయాల్సిందేమంటే: ముందు మూత్ర పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ ఉంటే అదొక్కటే పీఎస్ఏను పైకి లేపుతుంది, తగ్గాక ఆరు వారాలు ఆగి మళ్లీ చూడాలి. ఇన్ఫెక్షన్ లేకుంటే మాత్ర చీటీ, రెండు రిపోర్టులు, సీడీ తీసుకుని యూరాలజిస్టును కలవండి. 'డ్యుటాస్టెరైడ్ ఏడాదిగా వాడుతున్నాం, డెన్సిటీ దాన్ని బట్టి లెక్కేశారా?' అని అడగండి. పైరాడ్స్ 3 అంటే అటూ ఇటూ తేలనిది. ఇలాంటప్పుడు డెన్సిటీయే తూకం మారుస్తుంది. మా అంచనాలో ముక్క తీయమనే చెబుతారు. అప్పుడు ఏఐ, రేడియాలజిస్టు ఇద్దరూ ఒకే చోట మచ్చ చూపించారా అని కూడా అడగండి. ఆ మచ్చలోంచి మూడు నాలుగు ముక్కలు, మిగతా గ్రంథిలోంచి పద్ధతి ప్రకారం మరికొన్ని తీస్తారు. క్యాన్సర్ ఉందా లేదా అని చెప్పేది మైక్రోస్కోపు కింద ఆ ముక్కలే.

ప్రశ్న: అయ్యా, మా అన్నకు తీసిన ఎంఆర్ఐ ఫిల్ములను కిటికీకి ఆనించి ఫోన్‌తో ఫొటో తీసి ఒక ఏఐ యాప్‌లో పెట్టినాం. 'క్యాన్సర్ లక్షణాలు కనిపించడం లేదు' అని వచ్చింది. నమ్మొచ్చా?
— ఆదోని

జవాబు: నమ్మకండి. ఫిల్ము మీద కనిపించేది స్కాన్ కాదు, దాన్నుంచి ఎవరో ఎంచి ముద్రించిన కొన్ని బొమ్మలు. ఒక ప్రోస్టేట్ ఎంఆర్ఐలో వందల బొమ్మలు ఉంటాయి. అసలు ఫైలులో ప్రతి చుక్కకూ ఒక కొలత ఉంటుంది. ముఖ్యంగా ఏడీసీ మ్యాప్ అనే దాంట్లో, కణజాలంలో నీరు ఎంత తేలిగ్గా కదులుతోందో అంకెల్లో ఉంటుంది. క్యాన్సర్ కణాలు కిక్కిరిసి ఉంటే నీటి కదలిక తగ్గి ఆ అంకె పడిపోతుంది. ఫిల్మైపోయాక అది బూడిద రంగు మాత్రమే, ఫోన్ ఫొటోలో ఆ రంగు కూడా సరిగా మిగలదు. ఊసులాడే మామూలు ఏఐ యాప్‌లు ఈ పనికి తయారైనవి కావు, అయినా అడిగితే ఏదో ఒకటి చెబుతాయి.

స్కాన్ సెంటర్లో 'డైకామ్ ఫైళ్లు' (స్కాన్ అసలు ఫైళ్లు) అని అడిగి సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకోండి. ఇంకో మాట: ఫిల్ము మూలన పేరు, వయసు, ఆసుపత్రి నంబరు ఉంటాయి. మీరు ఫొటోతో పాటు అవీ పంపేశారు.

ప్రశ్న: అనంతపురంలో ఒక స్కాన్ సెంటర్లో రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను. మాది 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) మెషిన్. కొత్తగా పెట్టిన ఏఐ సాఫ్ట్‌వేర్ చాలా కేసులను 'క్వాలిటీ చాలదు' అని వెనక్కి కొడుతోంది. కొన్నింట్లో గ్రంథి వెనక గోడ పొడవునా మచ్చ ఉన్నట్టు చూపిస్తోంది, డాక్టరు చూస్తే ఏమీ లేదంటున్నారు. మా మెషిన్ పాతదనా?
— అనంతపురం

జవాబు: మెషిన్‌ను అనుమానించే ముందు రెక్టమ్‌లో (మలాశయంలో) గ్యాస్‌ను అనుమానించండి. గ్రంథి వెనక భాగం రెక్టమ్‌కు ఆనుకుని ఉంటుంది. అక్కడ గాలి ఉంటే ఆ సరిహద్దు దగ్గర అయస్కాంత క్షేత్రం చెదిరి, నీటి కదలికను చూపే డిఫ్యూజన్ బొమ్మలో గ్రంథి అంచు వేసవి మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద ఎదురొచ్చే లారీలా వంకర్లు పోతుంది. ఎక్కువ బి-వాల్యూ (నీటి కదలికను ఎంత బలంగా పట్టి చూపాలో చెప్పే సెట్టింగు) బొమ్మలో ఆ అంచే తెల్లగా మెరుస్తుంది. గ్రంథి నిర్మాణాన్ని చూపే టీ2 బొమ్మలో అక్కడ ఏమీ ఉండదు గనుక డాక్టరు కొట్టిపారేస్తారు, సాఫ్ట్‌వేర్‌కు అంత విచక్షణ ఉండకపోవచ్చు. మీరు చెప్పిన 'వెనక గోడ పొడవునా' అనే లక్షణం సరిగ్గా దీనిదే.

పేషెంటును టేబుల్ ఎక్కించే ముందు టాయిలెట్‌కు పంపండి. లోకలైజర్ (మొదట తీసే శీఘ్ర బొమ్మ) తీయగానే రెక్టమ్ చూడండి. గాలి నిండుగా ఉంటే అక్కడే ఆపి, మళ్లీ టాయిలెట్‌కు పంపడమో, డాక్టరు ఒప్పుకుంటే సన్నటి గొట్టంతో గాలి తీయడమో చేయాలి. ఈ పది నిమిషాలు దండగనిపిస్తాయి గానీ, వంకర బొమ్మతో మళ్లీ పిలిపించడం కంటే నయం. పేగు కదలిక ఆపే హయోసిన్ ఇంజెక్షన్ డాక్టరు రాస్తేనే ఇవ్వాలి. మూత్రం బిగుసుకునే బాధ ముందే ఉన్నవాళ్లకు దాంతో పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది, కొన్ని రకాల గ్లకోమా ఉన్నవాళ్లకు అసలు పనికిరాదు.

తర్వాత ప్రోటోకాల్. 2019 నాటి పైరాడ్స్ 2.1 అడిగే కనీస కొలతలు ఇవి. టీ2కి ముక్క (స్లైసు) మందం 3 మిల్లీమీటర్లు, మధ్యలో గ్యాప్ ఉండకూడదు, గడి పరిమాణం ఫేజ్ దిశలో 0.7, ఫ్రీక్వెన్సీ దిశలో 0.4 మిల్లీమీటర్లు దాటకూడదు. డిఫ్యూజన్‌కు మందం 4 లోపు, టీఈ 90 మిల్లీసెకండ్ల లోపు, టీఆర్ 3000కు పైన (రెండూ సిగ్నల్ సమయాల సెట్టింగులు). బి-వాల్యూలు: తక్కువది 50–100, ఇంకొకటి 800–1000, ఈ రెంటి నుంచే ఏడీసీ లెక్కించాలి. 1400 లేదా అంతకు పైన ఉన్న బొమ్మ వేరుగా తీయండి, లేదా లెక్కగట్టించండి. 1.5 టెస్లాలో సిగ్నల్ తక్కువ గనుక అంత పైబొమ్మను నేరుగా తీస్తే గరుకుగా వస్తుంది. లెక్కగట్టించడమే మేలని మా అభిప్రాయం. 1000 దాటిన బి-వాల్యూను ఏడీసీ లెక్కలో కలపొద్దు, విలువలు మారిపోతాయి. మీ దగ్గర కడుపు స్కాన్ ప్రోటోకాల్‌నే ప్రోస్టేట్‌కూ వాడుతున్నారేమో ఒకసారి చూడండి. చాలా చోట్ల జరిగేది అదే: 5 మిల్లీమీటర్ల ముక్కలు, పెద్ద ఫీల్డ్ ఆఫ్ వ్యూ. అందులో చిన్న మచ్చ కలిసిపోతుంది.

సాఫ్ట్‌వేర్ వెనక్కి కొట్టడానికి బొమ్మతో సంబంధం లేని కారణం ఒకటుంది. పేరు తీసేసి పంపేటప్పుడు కొన్ని అనానిమైజేషన్ టూల్స్ డైకామ్ హెడర్‌లోని (ఫైలుతో పాటు ఉండే వివరాల పట్టీలోని) ప్రైవేట్ ట్యాగులన్నీ తుడిచేస్తాయి. కొన్ని కంపెనీల మెషిన్లలో బి-వాల్యూ ఉండేది ఆ ట్యాగుల్లోనే. అది పోతే ఏ సిరీస్ ఏదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. తిరిగొచ్చిన కేసొకటి తీసుకుని, పంపక ముందు, పంపాక హెడర్లు పక్కపక్కన పెట్టి చూడండి.

బయాప్సీ జరిగినవాళ్లను కనీసం ఆరు వారాలు ఆగి రమ్మనండి. గ్రంథిలో గడ్డకట్టిన రక్తం టీ2లో నల్లగా కనబడి క్యాన్సర్‌ను పోలుతుంది. టీ1లో తెల్లగా ఉంటే అది రక్తమని తెలుస్తుంది గనుక ఆ సిరీస్ మానేయకండి. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్లలో లోహం వల్ల డిఫ్యూజన్ చెడిపోతే కాంట్రాస్ట్ సిరీస్ ఆదుకుంటుంది. అలాంటి కేసు ఏఐకి పంపకండి. కాంట్రాస్ట్ ఇచ్చే ముందు క్రియాటినిన్ చూసుకోవాలి, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడపోసే వేగం) 30 కంటే తక్కువుంటే డాక్టరుతో మాట్లాడకుండా ముందుకు పోవద్దు.

ఇంకొకటి డాక్టరుగారి చెవిన వేయండి. గ్రాన్యులోమాటస్ ప్రోస్టటైటిస్, అందులో టీబీ వల్ల వచ్చేది, అటు ఏఐనీ ఇటు రేడియాలజిస్టునూ కూడా మోసం చేస్తుంది. ఏడీసీ పడిపోయి, పైరాడ్స్ 5లా కనిపిస్తుంది. టీబీ ఇంకా తగ్గని మన దేశంలో దీన్ని మరిచిపోకూడదు.

ప్రశ్న: కర్నూలులో ఇంజినీరింగ్ చివరి ఏడాది. ప్రోస్టేట్ క్యాన్సర్ గుర్తింపు మీద ప్రాజెక్టు చేస్తున్నాం. పీఐ-క్యాయ్ వాళ్లు బయటపెట్టిన డేటా తీసుకుని, స్లైసులు విడగొట్టి సీఎన్ఎన్‌కు (బొమ్మలు గుర్తుపట్టే ఏఐ ప్రోగ్రాముకు) నేర్పితే 98 శాతం అక్యురసీ వచ్చింది. మా సార్ నమ్మడం లేదు.
— ఇద్దరు విద్యార్థులు

జవాబు: మీ సార్‌దే రైటు. ఆ డేటాలో 1500 స్కాన్లున్నాయి, 425 మందికే చికిత్స అవసరమైన క్యాన్సర్. ఒక్కో స్కాన్‌కు 20 స్లైసులు, మచ్చ సగటున నాలుగు స్లైసుల్లో ఉంటుందనుకోండి. మొత్తం 30,000 స్లైసుల్లో మచ్చ ఉన్నవి 1700. ఏమీ నేర్చుకోకుండా ప్రతి స్లైసుకూ 'లేదు' అనే ప్రోగ్రాముకు కూడా 94 శాతం అక్యురసీ వస్తుంది. మిగతా నాలుగు శాతం ఎక్కడిదో కూడా చెప్పొచ్చు. స్లైసులను కలగాపులగం చేసి ట్రైనింగ్‌కు, టెస్టుకు పంచారు కదా, ఒకే మనిషి 9వ స్లైసు ఇటు, 10వ స్లైసు అటు పడ్డాయి. మోడల్ క్యాన్సర్‌ను కాదు, ఆ మనిషి గ్రంథిని గుర్తుపడుతోంది.

పేషెంటును బట్టి పంచండి. ఒకే పేషెంటుకు రెండు స్కాన్లుంటే రెండూ ఒకే వైపు ఉండాలి. అక్యురసీ మానేసి, పేషెంటు స్థాయిలో ఏయూసీ (మొదటి జవాబులోని 0.91 లాంటి అంకె), మచ్చ స్థాయిలో ఒక్కో పేషెంటుకు ఎన్ని తప్పుడు గుర్తులకు ఎన్ని నిజమైన మచ్చలు దొరికాయో చూపండి. అంకె 98 నుంచి దిగజారుతుంది, కంగారు పడకండి. ఆ దిగిన అంకెకే విలువ.

ప్రీప్రాసెసింగ్‌లో రెండు చోట్ల విద్యార్థులు జారతారు. టీ2, డిఫ్యూజన్ తీయడానికి మధ్య నిమిషాలు గడుస్తాయి, ఆలోగా మూత్రాశయం నిండుతుంది, రెక్టమ్ కదులుతుంది. రెంటినీ ఒకే గ్రిడ్‌కు, ఉదాహరణకు 0.5×0.5×3 మిల్లీమీటర్లకు తెచ్చాక కూడా ఒకదాని మీద ఒకటి పెట్టి కంటితో చూడండి, పక్కకు జరిగి ఉంటే రిజిస్ట్రేషన్ (రెంటినీ సరిగ్గా కుదర్చడం) చేయాలి. రెండోది నార్మలైజేషన్. టీ2 అంకెలకు సొంత అర్థం లేదు, స్కాన్ స్కాన్‌కూ మారతాయి, వాటిని జడ్-స్కోర్ (సగటు నుంచి ఎంత దూరమో చెప్పే అంకెలుగా మార్చడం) చేయాల్సిందే. ఏడీసీ మాత్రం భౌతిక కొలత. దాన్ని కూడా స్కాన్ వారీగా జడ్-స్కోర్ చేస్తే అసలు సమాచారాన్ని చెరిపేసినట్టే. స్థిరమైన పరిధికి కత్తిరించి అలాగే ఇవ్వండి.

లేబుళ్ల సంగతి కూడా చూసుకోండి. ఆ 425లో నిపుణులు చేత్తో గీసినవి 220 మాత్రమే. మిగతావాటికి వేరే ఏఐ గీసిన గీతలు వాడితే ఆ మాట రిపోర్టులో రాయండి. స్కాన్లన్నీ నెదర్లాండ్స్ ఆసుపత్రులవి, రెండు కంపెనీల మెషిన్లవి, ఎక్కువగా 3 టెస్లావి. పై ప్రశ్నలోని అనంతపురం 1.5 టెస్లా మెషిన్‌కు మీ మోడల్‌ను తీసుకెళితే ఏమవుతుందో తెలియాలంటే అక్కడి స్కాన్ల మీద పరీక్షించక తప్పదు. వైద్య కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతితో, బయాప్సీ ఫలితం ఉన్న వంద కేసులు దొరికినా చాలా నేర్చుకోవచ్చు. బయాప్సీ చేయనివాళ్లను 'నెగటివ్' అని రాసేయకండి, పీఐ-క్యాయ్‌లో ఏఐని పరీక్షించిన కేసుల్లో అలాంటివాళ్లను మూడేళ్లకు తక్కువ కాకుండా గమనించాకే నెగటివ్ అన్నారు. ఇక రోగుల మీద వాడాలంటే అది ప్రాజెక్టు కాదు. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వచ్చే వైద్య పరికరం, దానికి లైసెన్సు కావాలి.

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్లు, పీఎస్ఏ 180. రెండు నెలలుగా నడుము నొప్పి, ఈ వారం కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. బెంగళూరులో ఏఐతో ఎంఆర్ఐ చదివే సెంటర్ ఉందట, వచ్చే నెలకు అపాయింట్‌మెంట్ దొరికింది. వెళ్లమంటారా?
— కళ్యాణదుర్గం నుంచి ఒక కోడలు

జవాబు: వద్దమ్మా, వచ్చే నెల దాకా ఆగకండి. ఈ ఉత్తరం అందగానే మీకు విడిగా జవాబు పంపాం, ఇలాంటి ఇంకొకరికి పనికొస్తుందని ఇక్కడ కూడా వేస్తున్నాం.

ఏఐ ఉపయోగపడేది మచ్చ చిన్నగా, అనుమానం అటూ ఇటూగా ఉన్నప్పుడు. పీఎస్ఏ 180, నడుము నొప్పి అంటే జబ్బు ఎముకల్లోకి పోయిందని ముందుగా అనుకోవాలి. కాళ్ల తిమ్మిరి అంటే వెన్నుపూసలోని గడ్డ వెన్నుపామును నొక్కుతుండొచ్చు. నడిచే శక్తి పోయాక చికిత్స చేస్తే ఆ శక్తి తిరిగి రావడం కష్టం. అందుకే ఈరోజే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, ఎంఆర్ఐ ఉన్న దగ్గరి పెద్దాసుపత్రికో అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. 'ప్రోస్టేట్, పీఎస్ఏ 180, కాళ్లు తిమ్మిర్లు' అని ఈ మూడు మాటలు ముందే చెప్పండి. వాళ్లు తీయాల్సింది ప్రోస్టేట్ ఎంఆర్ఐ కాదు, వెన్నెముక మొత్తానిది. మూత్రం బిగుసుకున్నా, మలం అదుపు తప్పినా అదీ చెప్పండి.

నొక్కుడు ఉందని తేలితే స్టెరాయిడ్ మొదలుపెట్టి, ఆపరేషనా రేడియేషనా అని నిర్ణయిస్తారు. పక్కనే హార్మోన్ చికిత్స. వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ పేరు వినగానే ఇంట్లోవాళ్లు వెనకాడతారు గానీ, టెస్టోస్టెరాన్‌ను గంటల్లో పడగొట్టేది, ఒకసారి ఖర్చుతో పోయేది అదే. ఇంజెక్షన్లలో డెగారెలిక్స్ కూడా త్వరగా పనిచేస్తుంది. ల్యూప్రొలైడ్ రకం ఇంజెక్షన్ మొదటి రెండు వారాలు టెస్టోస్టెరాన్‌ను పెంచి నొక్కుడును ఎక్కువ చేయొచ్చు, కాబట్టి ఇప్పుడున్న పరిస్థితిలో దాన్ని ఒంటరిగా ఇవ్వకూడదు. ఏ ఇంజెక్షన్ ఇస్తున్నారో పేరు అడిగి రాసుకోండి.

వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పీఎస్ఏ కాగితం, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద నమోదు కోసం ఆసుపత్రిలో కౌంటర్ ఉంటుంది. మామగారిని లోపలికి పంపాక ఇంట్లో ఒకరు ఆ కౌంటర్ దగ్గరికి వెళ్లండి, కాగితాల కోసం స్కాన్ ఆపొద్దు.